తలుపు దగ్గరి కుర్చీ

నా భార్యను చంపింది తలుపు దగ్గరి కుర్చీ. ఇందులో వాదనకు తావు లేదు. డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు. చెప్పుకోనివ్వండి.

కిడ్నీలో క్యాన్సర్ వచ్చినవాళ్ళ కోసం ఆస్పత్రి వెనకున్న పాత క్యాంటీను హాల్లో ప్రతినెలా మొదటి ఆదివారం సభ పెడతారు. ఒక డాక్టరో, తిండి గురించి చెప్పే ఆవిడో వచ్చి మాట్లాడతారు. ఒక్క కిడ్నీతో ఎలా బతకాలి, నొప్పి మాత్రలు అడక్కుండా ఎందుకు మింగకూడదు, బీపీ ఎందుకు చూపించుకోవాలి, స్కాన్ తేదీ ఎందుకు తప్పకూడదు. అందరూ తలలూపుతారు. తర్వాత టీ, బిస్కెట్లు. మనుషులు మనసు విప్పి మాట్లాడుకునేది అప్పుడే.

నేను తాపీమేస్త్రీని. నా భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కలవాళ్ళ బట్టలు సరిచేసేది. పొడుగైనవి కురచ చేయడం, బిగుతైనవి వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం. ఎడమ కిడ్నీ గడ్డతో సహా తీసేశాక ఆ మిషను మీద దుప్పటి కప్పేసింది. గడప దాటేది కాదు. ఎవరైనా పలకరించడానికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేది. వార్డులో నర్సు చెబితే నేనే ఆమెను బతిమాలి, కోప్పడి, సభకు తీసుకెళ్ళాను.

ఆ రోజు తలుపు దగ్గరి కుర్చీలో గడియారాలు బాగుచేసే ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఏ వైపమ్మా?" అన్నాడు.

"ఎడమ" అంది నా భార్య, నా చొక్కా అంచు వదలకుండా.

"నాదీ ఎడమే. ఇక్కడ ఎడమవాళ్ళకి టీలో చక్కెర ఎక్కువేస్తారు. కుడివాళ్ళతో అనకు, కుళ్ళుకుంటారు."

ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆయన ఎన్నో ఏళ్ళుగా ఒక్క కిడ్నీతోనే తిరుగుతున్నాడని విని, తడిమి చూడాలనిపించిందేమో, చెయ్యి ముందుకు చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇంటికొచ్చాక మిషను మీద దుప్పటి తీసింది. అబద్ధం చెప్పను. ఆ కుర్చీ మొదట ఆమెకు మేలే చేసింది.

ఆ కుర్చీకి ఒక పద్ధతి ఉంది. ఆపరేషనయ్యాక జబ్బు తిరగబెట్టకుండా అందరికంటే ఎక్కువకాలం గడిపినవాళ్ళు అందులో కూర్చోవాలి. కొత్తగా వచ్చేవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తారు, వాళ్ళకు ముందు కనబడేది నిక్షేపంగా బతికున్న మనిషి కావాలి. ఇది మేడం పెట్టిన పద్ధతి. మేడం అంటే ఈ సభలు నడిపే ఆవిడ. బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఇదే జబ్బుతో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. మంచి మనిషి. మంచివాళ్ళు చేసిన చెడుకి ఎవరూ శిక్ష వేయరు.

ఆవిడ పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. జబ్బు తిరగబెట్టినవాళ్ళు మొదటి ఆదివారం రాకూడదు. వాళ్ళకు రెండో ఆదివారం, పై అంతస్తు గదిలో వేరే సభ. వాళ్ళ మందులు వేరు, వాళ్ళ ప్రశ్నలు వేరు, వాళ్ళను చూస్తే కొత్తవాళ్ళు జడుసుకుంటారు అని కారణం చెబుతారు. రాకూడదని ఎవరూ నోటితో అనరు. "ఇకనుంచి మీకు అక్కడ బాగుంటుంది" అంటారు, అంతే. జబ్బు ముదిరినవాళ్ళను మెట్లెక్కించడం ఎవరికి తట్టిన తెలివో నాకు తెలీదు. లిఫ్టు ఉంది. దాని తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ ఎక్కడ ఉంటాడో ఆ దేవుడికే తెలియాలి.

పైకి వెళ్ళినవాళ్ళ సంగతి కింద ఎవరూ ఎత్తరు. ఒక ఆదివారం మనిషి ఉంటాడు, మరుసటి నెల ఉండడు. "ఆయనేడీ?" అని కొత్తవాడెవడైనా అడిగితే, "ఆయనకి రెండో ఆదివారం వీలు" అంటారు. గడియారాలాయనకు రెండో ఆదివారం వీలైంది. ఆయన తర్వాత కుర్చీ ఇంకొకావిడకు వచ్చింది. ఆమె కొంతకాలానికి కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది. అప్పుడు నా భార్యకు వచ్చింది.

కుర్చీ గట్టిగా ఉందని ఆమె మెత్త కుట్టింది. నీలం గుడ్డ, అంచుకు తెల్ల కుట్టు. మొదటి ఆదివారం వస్తుందంటే శనివారం నుంచే ఇస్త్రీ మొదలు. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి, అక్కడ తలుపు దగ్గర దుకాణం తెరిచేది.

"రండి, రండి. ఏ వైపు? కుడివైపా? ఫరవాలేదులెండి, ఎవరి ఖర్మ వాళ్ళది."

వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆపరేషన్ కుట్టు మీద నడుంపట్టీ ఒరుసుకుంటోందని ఎవరైనా అంటే, ఆ బట్టలు తెచ్చివ్వమని, లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టిచ్చేది. అందరికీ అక్కే. నాకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్కా అనేవాళ్ళు.

ఆమె పక్కన ఎప్పుడూ ఒకడు చేరేవాడు. సిటీ బస్సు డ్రైవరు. కుడి కిడ్నీ పోయినవాడు. లావుగా, గొంతు బస్సు హారన్‌లా ఉంటుంది. ఆమెను అక్కా అన్నాక నేను వాడికి బావనయ్యాను. నేనేం ఒప్పుకోలేదు. వాడే అనేశాడు.

"బావా, పై గది అంటే ఏంటో తెలుసా?" అన్నాడొకసారి టీ తాగుతూ. "పైకి పోయేముందు ఆగే స్టాపు."

నా భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో తేడా ఏమీ నాకు వినబడలేదు.

స్కాన్‌కు ఆమె ఒక్కతే వెళ్ళొచ్చేది. నేను పనిలో ఉండేవాణ్ణి. సాయంత్రం వచ్చి "ఏమన్నారు?" అంటే, "బాగానే ఉందన్నారు" అనేది. కాళ్ళు కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్ళేది. భార్య మాట నమ్మనివాడు మొగుడే కాదు. నమ్మాను.

తర్వాత ఒక రోజు ఇస్త్రీపెట్టె ఎత్తబోయి ఎత్తలేక కూలబడింది. వెన్నులో నొప్పి. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కంప్యూటర్‌లో చూసి, "రెండేళ్ళుగా స్కాన్‌కు రాలేదే?" అన్నాడు. నేను ఆమెవైపు చూశాను. ఆమె తన చేతివేళ్ళవైపు చూసుకుంది. అప్పటికే ఊపిరితిత్తుల్లో ఉంది, ఎముకల్లో ఉంది.

ఇంటికొచ్చాక అడిగాను. మెల్లగా అడిగాను, అరిచి అడిగాను. ఒక్కటే మాట చెప్పింది.

"పై గదికి వెళ్ళాలనిపించలేదు."

వానలు మొదలయ్యేసరికి పోయింది. ఆ ఒక్క మాట పట్టుకునే నేను లెక్క తేల్చుకున్నాను. ఒకచోట కూర్చోబెట్టి, లేచావంటే ఆ గదిలోకే అని చూపిస్తే, ఏ మనిషైనా లేవడు. ఆమె లేవలేదు.

ఏడాది దాటాక మేడం నన్ను వెతుక్కుంటూ పని దగ్గరికి వచ్చింది. ఒక కొత్త ఇంట్లో మెట్ల పక్క గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్నాను.

"మేస్త్రీగారూ, ఒక్క నిమిషం దిగుతారా?"

"సిమెంటు కలిపేశాను. గట్టిపడుతుంది. మీరు చెప్పండి, నా చెవులు ఖాళీగానే ఉన్నాయి."

ఆవిడ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. "ఈసారి మన వార్షిక సభ. పెద్ద డాక్టరుగారు వస్తున్నారు. కొత్తవాళ్ళు చాలామంది వస్తామన్నారు. అక్కగారి జ్ఞాపకంగా మీకు ఒక శాలువా కప్పి... మీరు నాలుగు మాటలు చెబితే బాగుంటుంది."

"ఏం చెప్పమంటారు?"

"ఆమె ధైర్యం గురించి."

"చచ్చిపోయిందని చెప్పొచ్చా?"

ఆవిడ ముక్కు మీది గుడ్డ తీసేసింది. "ఆ మాట ముందే చెప్పక్కర్లేదు కదండీ."

"మరి చివర్లో చెప్పనా?"

"మీ బాధ నాకు తెలుసు."

"తెలీదు."

"మా తమ్ముడు..."

"మీ తమ్ముడు స్కాన్‌కు వెళ్ళేవాడా?"

"వెళ్ళేవాడు."

"అయితే తెలీదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. దుమ్ము వల్ల కావచ్చు. నేను తాపీని సిమెంటు గమేళాలో పెట్టి, వస్తానని చెప్పాను. ఆవిడ సంతోషపడింది. నేను ఎందుకు వస్తానన్నానో ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఆ కుర్చీ గురించి వాళ్ళందరి ముందు, మైకులో చెప్పడానికి.

సభ రోజు హాలంతా రంగు కాగితాలు కట్టారు. గోడలకు కిడ్నీ బొమ్మలు. నీళ్ళు ఎంత తాగాలి, ఉప్పు ఎంత తినాలి అని పెద్ద అక్షరాలతో అట్టలు. తలుపు దగ్గర కుర్చీ. కుర్చీలో డ్రైవరు. వాడి కింద నీలం మెత్త.

"రా బావా! ఏడాదైంది నీ మొహం చూసి. అలాగే ఉందిలే, సిమెంటు బస్తాలాగా."

"నీకు మాత్రం మెత్తగా ఉన్నట్టుంది."

"అక్క ఆస్తి. నాకిచ్చి పోయింది."

"ఇవ్వలేదు. మిగిలిపోయింది."

వాడు పగలబడి నవ్వాడు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. ఆ దగ్గు ఒక పట్టాన ఆగలేదు. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, నన్ను లోపలికి వెళ్ళమని చేత్తో సైగ చేశాడు.

టీ డ్రమ్ము దగ్గర వాడి భార్య కప్పులు సర్దుతోంది. సన్నగా ఉంటుంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి ఆయనకి. స్కాన్ తేదీ దాటిపోయి నెలలైంది. 'సభ అవనీ, సభ అవనీ' అంటాడు. పోయినసారీ అంతే. ఇప్పుడు చూశారుగా ఆ దగ్గు."

"మేడంతో చెప్పావా?"

"చెప్పాను. ఇవాళ్టికి వదిలెయ్, తర్వాత మెల్లగా నచ్చజెబుదాం అంది. ఇంతమంది కొత్తవాళ్ళొచ్చే రోజు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఎలా అంది." ఆమె ఇంకో కప్పు తీసి సాసరు మీద పెట్టింది. "నాకా మాట వింటే మీ ఆవిడే గుర్తొచ్చింది."

నాకూ అంతే.

నేను రెండో వరసలో కూర్చున్నాను. జేబులో చెయ్యి పెట్టుకుని తలుపువైపే చూస్తున్నాను. ఒక తండ్రీ కూతురూ వచ్చారు. అతనికి యాభై దాటి ఉంటాయి, ఎక్కడో కారు షెడ్డులో పని చేసే మనిషిలా గోళ్ళలో నల్లటి గ్రీజు. ఆపరేషనై ఎన్నాళ్ళో కాలేదు, ఒక చెయ్యి పక్కటెముకల మీదే పెట్టుకుని నడుస్తున్నాడు. కూతురు అతన్ని గాజుసామాను తెచ్చినట్టు తెస్తోంది.

"ఏ వైపన్నా?" అన్నాడు డ్రైవరు.

"కుడి."

"అయితే మనోడివే. ఇదిగో చూడు, నాకు ఆ సామాను పీకేసి ఎన్నేళ్ళయిందో. రోజూ నాలుగు ట్రిప్పులు కొడుతున్నా. బండికి రెండో టైరు స్పేరన్నా, స్పేరు!"

ఆ మనిషి మొహంలో ఏదో వదులైంది. కూతురు అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. నా కళ్ళముందే జరిగింది, నా భార్యకు జరిగినట్టే. ఒక్కక్షణం నేను లేచి ఇంటికి పోదామనుకున్నాను. లేవలేదు.

పెద్ద డాక్టరు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. తర్వాత ప్రశ్నలు అడగమన్నారు. మధ్య వరసలోంచి ఒక లావుపాటి ఆయన లేచాడు.

"డాక్టరుగారూ, ఒక్క కిడ్నీ ఉన్నవాడు బరువులెత్తొచ్చాండీ?"

"ఎంత బరువు?"

"మా ఆవిడంత."

"నువ్వింటికి రా, చెప్తాను" అంది పక్కనున్నావిడ. హాలంతా గొల్లుమంది. డాక్టరు కూడా కళ్ళజోడు తీసి నవ్వాడు.

ఆ నవ్వులు సర్దుకుంటూండగా మేడం నన్ను పిలిచింది. శాలువా కప్పారు. మైకు నా నోటి దగ్గరికి వంచారు. నేను సభల్లో మాట్లాడే మనిషిని కాదు. రాసుకుని తెచ్చుకోలేదు. ఇంతే అన్నాను:

"ఆ తలుపు దగ్గర కుర్చీలో మా ఆవిడ కూర్చునేది. పాతవాళ్ళకి గుర్తుంటుంది. చచ్చిపోయింది. మీకెవరూ చెప్పి ఉండరు, ఇక్కడ చెప్పరు. జబ్బు తిరగబెడితే పై గదికి పంపుతారని భయపడి రెండేళ్ళు స్కాన్ ఎగ్గొట్టింది. నాతో అబద్ధం చెప్పింది. తెలిసేసరికి ఎముకల దాకా పోయింది. కొత్తవాళ్ళు జడుసుకుంటారని మీరు పైవాళ్ళని దాచిపెట్టారు. కొత్తవాళ్ళ మాటేమో గాని, కిందవాళ్ళు జడుసుకున్నారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నాయన కూడా స్కాన్ ఎగ్గొట్టాడు. ఆయన భార్య మొత్తుకుంటోంది. మేడంకి తెలుసు. ఇవాళ్టికి వద్దంది. నేను చెప్పేది అయిపోయింది."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఉలుకు కూడా లేదు. మేడం మైకును చేత్తో మూసింది, మాట అప్పటికే అయిపోయిందని మరిచిపోయి. కారు షెడ్డు మనిషి చెయ్యి మళ్ళీ పక్కటెముకల మీదికి పోయింది. అతని కూతురు లేచి, "పద నాన్నా" అంది. అతను ఒకసారి డ్రైవరు మొహంలోకి చూశాడు. ఏం కనబడిందో, తల దించుకుని కూతురి వెంట వెళ్ళిపోయాడు.

డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. హాలు మధ్యగా నడిచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నిన్ను బావా అన్నాను" అన్నాడు. వెళ్ళిపోయాడు. భార్య చేతిలో కప్పు అలాగే పట్టుకుని వెనక పరుగెత్తింది.

హాలు ఖాళీ అయ్యాక మేడం నా ముందు నిలబడింది. ఏడవలేదు. హెడ్‌మిస్ట్రెస్‌లాగే నిలబడింది.

"ఆ వచ్చినాయన ఇక రాడు. ఆ పిల్ల తీసుకురాదు. రేపు ఒంట్లో ఏదైనా అయితే ఎవర్నడగాలో అతనికి తెలీదు. మీకు తృప్తిగా ఉందా?"

"లేదు."

"మరెందుకు చేశారు?"

"మీరు చేయలేదు కాబట్టి."

శాలువా మడిచి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ మనిషి నిజంగానే మళ్ళీ రాలేదని తర్వాత విన్నాను. అతని మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. గోళ్ళు గుర్తున్నాయి. అతని సంగతి నన్నెవరైనా అడిగితే, తప్పు నాదని ఒప్పుకోను. అలాగని అతన్ని మరిచిపోనూ లేను.

డ్రైవరు ఆ వారంలోనే స్కాన్‌కు వెళ్ళాడు. ఊరంతా తెలిశాక వెళ్ళక తప్పుతుందా. ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. చిన్నదే. మాత్రలు మొదలుపెట్టారు. బస్సు నడపడం మానేశాడు, పై గదికి మారాడు. ఇదంతా వాడి భార్య ఫోనులో చెప్పింది. ఒక్కసారి ఇంటికి రమ్మని పిలిచింది. నాలుగైదుసార్లు పిలిచాక వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. వాడు కిటికీ పక్కన మంచం మీద కూర్చుని, కాళ్ళు చన్నీళ్ళ టబ్బులో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి కూర్చోమనలేదు. ఆమే కుర్చీ లాగింది.

"అన్నయ్యగారి పుణ్యమే" అంది. "ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మా చేతిలో ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. ఉండండి, టీ తెస్తాను."

ఆమె లోపలికి వెళ్ళేదాకా వాడు ఆగాడు.

"పుణ్యమంట" అన్నాడు. నీళ్ళలోంచి ఒక కాలు ఎత్తి చూపించాడు. అరికాలు ఎర్రగా, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. "మాత్రలు చేసే పని. బ్రేకు మీద కాలు పెట్టలేను. చెప్పులు గుచ్చుకుంటాయి. పై గదిలో అందరూ ఇలాగే కాళ్ళు పక్కకి పెట్టుకు కూర్చుంటారు. అక్కడ ఏ వైపని అడిగేవాడు లేడు."

"బతికున్నావుగా."

"ఉన్నాను. నిన్న రాత్రి మా ఆవిడ నిద్రలో నవ్వింది. ఎన్నాళ్ళయిందో. అందుకే నిన్ను తిట్టను. కానీ నువ్వు సభలో ఒక మాటన్నావు. అక్క భయపడి స్కాన్ ఎగ్గొట్టిందన్నావు."

"అవును."

"స్కాన్ రోజు ఎక్కడికి వెళ్ళేదనుకున్నావు?"

నేను వాడి మొహంలోకి చూశాను.

"నా బస్సెక్కేది. నా వెనక సీటు. చివరి స్టాపు దాకా వచ్చేది. అక్కడ బండి కాసేపు ఆగుతుంది. షెడ్డులో టీ తాగేవాళ్ళం. మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చేది. మొదటి ఏడాదీ అంతే, రెండో ఏడాదీ అంతే."

"నీకు తెలుసా?"

"తెలుసు. 'ఒంట్లో ఏదో మొదలైంది తమ్ముడూ, నాకు తెలుస్తోంది' అంది. వెళ్దాం పదక్కా, బస్సు ఇలాగే ఆస్పత్రికి తిప్పేస్తానన్నాను. వద్దంది. 'ఏడుస్తూ వచ్చేవాళ్ళు నన్ను చూశాక నవ్వుతున్నారు. పుట్టి ఇన్నేళ్ళకి నాకో ఉద్యోగం దొరికింది. పైన కూర్చుని ఇంకొన్నేళ్ళు బతకడం నా వల్ల కాదు. కింద కూర్చున్నన్నాళ్ళు చాలు' అంది. భయపడి కాదు బావా. తెలిసే చేసింది. నా చేత ఒట్టు వేయించుకుంది."

లోపల స్టవ్వు వెలిగించిన చప్పుడైంది. నేను టబ్బులో నీళ్ళు చూస్తున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. ఆ ప్రశ్న వాణ్ణి అడగాల్సి రావడం నా ఖర్మ.

"నేనూ అడిగాను. 'మీ బావకి చెబితే గోనెసంచిలా భుజానేసుకుని ఆస్పత్రిలో పడేస్తాడు' అంది. నవ్వుతూనే అంది."

"పడేసేవాణ్ణే."

"అందుకే చెప్పలేదు."

రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ప్రతి మొదటి ఆదివారం వీడు నా పక్కన నిలబడి టీ తాగాడు. నా భుజం మీద చెయ్యి వేసి జోకులు చెప్పాడు. బావా, బావా అన్నాడు. పని నుంచి వచ్చి ఏమన్నారని నేను భార్యను అడిగిన సాయంత్రం, ఆమె ఎక్కడికి వెళ్ళొచ్చిందో వీడికి తెలుసు. నాకు తెలీదు.

"నీ సంగతి తెలిసిన గంటలో నేను నోరు విప్పాను" అన్నాను. "ఆమె సంగతి తెలిసి నువ్వు రెండేళ్ళు నోరు మూసుకున్నావు."

"ఒట్టు వేశాను బావా."

"నన్ను బావా అనకు."

వాడు కాలు మళ్ళీ నీళ్ళలో పెట్టుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూడదలచుకోలేదు. లేచాను. గుమ్మంలో వాడి భార్య టీ కప్పులతో ఎదురొచ్చింది.

"అదేంటన్నయ్యగారూ, అప్పుడే?"

"పనుంది."

"టీ అయినా తాగండి."

"వద్దమ్మా. నువ్వు మాత్రం స్కాన్ తేదీలు తప్పనివ్వకు. మోసుకెళ్ళాల్సొస్తే మోసుకెళ్ళు."

ఆ రోజు ఏ పనీ లేదు. పని ముగించిన ఇంటికి మళ్ళీ వెళ్ళి, ఆరిన గోడకు మట్టం పెట్టి చూస్తూ నిలబడ్డాను. గోడ బాగానే ఉంది.

తెలిసే చేసింది అంటాడు డ్రైవరు. ఒకవైపు మెత్త వేసిన కుర్చీ, ఇంకోవైపు ఎవరూ పేరెత్తని గది చూపించి, ఇష్టమైంది తీసుకో అంటే, దాన్ని ఇష్టం అనరు. ఆమెకు తెలిసినా తెలియకపోయినా నా మాట మారదు. అయితే ఆమె వాడికి చెప్పింది, నాకు చెప్పలేదు. మేడం పెట్టిన పద్ధతిలో దీనికి సమాధానం లేదు. అది మా ఇంట్లోది. ఎవరినీ అడగను. ఆమెను క్షమించమని మనసు కొన్నిసార్లు అంటుంది. వినను.

మొన్న మేడం మళ్ళీ పని దగ్గరికి వచ్చింది. తలుపు దగ్గర ఇప్పుడెవరినీ కూర్చోబెట్టడం లేదట. పై గది మాత్రం అలాగే ఉంది, మెల్లగా చూద్దాం అంది. ఈసారి సభకు వచ్చి మొత్తం చెప్పమంది, ఏదీ దాచకుండా, నా ఇష్టం వచ్చినట్టు.

"చెప్పేది లేదు" అన్నాను.

"పోనీ ఇంకెప్పుడైనా..."

"ఎప్పటికీ లేదు."

ఆవిడ చెప్పులకంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయింది. ఇక ఈ సంగతి నా నోట రాదు. నా ముందు ఎవరూ ఎత్తకూడదు.